ఆట బ్రతుకుతెరువైనప్పుడు: సుమిత్ నాగల్ క్రీడా జీవితం



ఆటలను గురించి మన ఇండ్లలో పెద్దలు పిల్లలకు చెప్పే హితవు ఒకటి ఉన్నది. చదువు ముగిసిన తరువాతనే ఆట. ఆట అన్నం పెట్టదు. మొదటి తేదీన జీతం చేతికందే ఉద్యోగుల ఇండ్లలో ఈ మాట మరింత గట్టిగా వినబడుతుంది. దానిని తేలికగా తీసివేయడానికి వీలులేదు. తరతరాల అనుభవం ఆ మాట వెనుక ఉన్నది. అయినా ఆటనే ఉద్యోగంగా స్వీకరించి, ఆ ఉద్యోగంలోనే కడదాకా నిలువవలెనని సంకల్పించిన యువకులు మన దేశంలో లేకపోలేదు. వారిలో ఒకడైన సుమిత్ నాగల్ అనే టెన్నిసు క్రీడాకారుని ప్రస్థానమే ఈనాటి ప్రసంగ విషయం.

అతడు జగజ్జేత కాడు. ప్రపంచ క్రీడాకారుల పట్టికలో అతడు అందుకొన్న మిక్కిలి ఎత్తయిన మెట్టు 68వది. ఆ మెట్టుకు చేరిన సంవత్సరం 2024. జగజ్జేతల చరిత్రలు వ్రాయడానికి అనేకులు ఉన్నారు. కాని వృత్తిగా ఆటను చేపట్టినవాని కష్టసుఖాలు తెలియవలెనంటే శిఖరం మీద ఉన్నవానికంటె కొండ ఎక్కుతున్నవాని వైపు చూడడమే మేలు.

లాన్ టెన్నిసు మన దేశానికి ఆంగ్లేయుల క్లబ్బులతో పాటు వచ్చింది. చాలాకాలం అది జింఖానాల ఆటగా, దొరల బంగళాల ఆటగా ఉండిపోయింది. ఆడి డబ్బు పుచ్చుకోవడం పెద్దమనిషి తరహా కాదని ఆ రోజులలో భావించేవారు. 1968 వరకు వింబుల్డన్ వంటి మహాపోటీలలో వృత్తి క్రీడాకారులకు ప్రవేశమే ఉండేది కాదు. ఆ కాలపు భారతీయ క్రీడాకారులలో అగ్రగణ్యులు రామనాథన్ కృష్ణన్. ఆయన 1954లో వింబుల్డన్ బాలుర విజేతగా నిలిచినారు; 1960లోను, 1961లోను అక్కడనే పురుషుల సింగిల్సులో సెమీఫైనలు చేరినారు; 1966లో భారత జట్టును డేవిస్ కప్పు ఫైనలుకు తీసుకొనివెళ్ళినారు. అమెరికను క్రీడాకారుడు జాక్ క్రేమర్ తాను నడిపే వృత్తి బృందంలో చేరవలసిందని ఆయనను ఆహ్వానించినాడు. చేరితే ధనం వస్తుంది. వింబుల్డన్, డేవిస్ కప్పు రెండూ పోతవి. కృష్ణన్ ఆ ఆహ్వానాన్ని అంగీకరించలేదు.

1968లో ఆ అడ్డుగోడ కూలిపోయింది. వృత్తి క్రీడాకారులు, ఔత్సాహికులు ఒకే మైదానంలో దిగసాగినారు. విజయ్ అమృతరాజ్ 1973లోను, 1981లోను వింబుల్డన్ క్వార్టర్ ఫైనలు చేరినాడు. రామనాథన్ కృష్ణన్ కుమారుడు రమేశ్ కృష్ణన్ 1986లో అదే ఘనతను సాధించినాడు. ఆ తరువాత మన వారి విజయాలు క్రమంగా డబుల్సు వైపుకు మళ్ళినవి. లియాండర్ పేస్, మహేశ్ భూపతి, రోహన్ బోపన్న ప్రపంచ ఖ్యాతి నార్జించింది ముఖ్యంగా జంటపోటీలలోనే. మన హైదరాబాదు ఆడపడుచు సానియా మీర్జా 2007లో సింగిల్సులో 27వ స్థానం దాకా వెళ్ళింది. మణికట్టు గాయాల బాధ పడిన తరువాత డబుల్సు మీదనే దృష్టి నిలిపి, 2015 ఏప్రిల్‌లో ఆ విభాగంలో ప్రపంచ ప్రథమస్థానం అలంకరించింది. జంటపోటీలో సగం కోర్టునే కాపాడుకోవలె, శరీరానికి శ్రమ తక్కువ, ఆయుర్దాయం ఎక్కువ. ఒంటరి పోటీలో ఆ వెసులుబాటు లేదు. సుమిత్ నాగల్ ఎన్నుకొన్నది ఈ ఒంటరి పోటీనే.

ఈ ఉద్యోగం ఎటువంటిదో కొంచెం వివరించవలె. ప్రభుత్వోద్యోగులకు సర్వీసు రిజిస్టరు ఉన్నట్లే టెన్నిసు క్రీడాకారునికి ప్రపంచ పట్టిక ఉన్నది. పోటీలలో గెలిచిన మేరకు పాయింట్లు జమ అవుతవి. కాని ఒక వారంలో సంపాదించిన పాయింట్లు 52 వారాలు గడిచిన తరువాత ఆ ఖాతాలో నుండి తొలగిపోతవి. కిందటి ఏడు ఇదే వారంలో ఒక పోటీ గెలిచినవాడు ఈ ఏడు కూడ అంతపని చేస్తేనే ఉన్నచోట ఉంటాడు, లేకపోతే జారిపోతాడు. సీనియారిటీ అన్న మాటకు ఇక్కడ అర్థమే లేదు. ఇంక్రిమెంటు లేదు, మెడికల్ సెలవు లేదు. దేశదేశాలు తిరిగినా ప్రయాణ భత్యపు బిల్లు పెట్టుకోవడానికి పై అధికారి లేడు. తన కోచికి జీతం, విమానపు టిక్కెట్టు, హోటలు ఖర్చు ఇవన్నీ ఆటగాడే భరించవలె.

పోటీలలో అంతస్తులు ఉన్నవి. అడుగున ఉన్నవి అంతర్జాతీయ టెన్నిసు సమాఖ్య నడిపే చిన్న పోటీలు. వాటిపైన చాలెంజరు పోటీలు. ఆపైన ప్రధాన టూరు. అన్నిటికంటె పైన ఆస్ట్రేలియన్, ఫ్రెంచి, వింబుల్డన్, అమెరికన్ అనే నాలుగు గ్రాండ్ స్లాములు. గ్రాండ్ స్లాము పురుషుల సింగిల్సులో చోటు 128 మందికి. అందులో 104 మంది తమ స్థానబలం చేత నేరుగా ప్రవేశిస్తారు. 8 మందిని నిర్వాహకులు వైల్డ్ కార్డు ఇచ్చి పిలుస్తారు. తక్కిన 16 మంది ముందుగా అర్హత పోటీలలో వరుసగా మూడు ఆటలు గెలిచి రావలె. కాబట్టి ప్రపంచంలో మొదటి వందమందిలో ఉండడం కేవలం ప్రతిష్ఠకు సంబంధించిన మాట కాదు. అది సింహద్వారం. లోపల ఉన్నవాడు మొదటి ఆటలో ఓడినా ఖర్చులకు సరిపడే సొమ్ము దొరుకుతుంది. వెలుపల ఉన్నవాడు చిన్న ఊళ్ళలో గెలిచినా ప్రయాణపు ఖర్చులు రాబట్టుకోవడం దుర్లభం.

సుమిత్ నాగల్ 1997 ఆగస్టు 16న హర్యానాలోని ఝజ్జర్ జిల్లా జైత్‌పూర్ గ్రామంలో పుట్టినాడు. అది కుస్తీలకు, కబడ్డీకి పేరుపొందిన సీమ. టెన్నిసు రాకెట్టు పట్టిన ఇల్లు ఆ చుట్టుపట్ల అరుదు. తండ్రి పాఠశాల ఉపాధ్యాయుడు. క్రీడలయందు ఆసక్తి కలవాడు. చదువు చెప్పే తండ్రి కుమారుని ఆటకు పంపడం విశేషమే. పదేళ్ళ ప్రాయంలో బాలుని అదృష్టం తలుపు తట్టింది. చిన్న పిల్లలను ఏరి సింగిల్సు వీరులుగా తీర్చిదిద్దవలెనని మహేశ్ భూపతి ఒక ప్రణాళిక ప్రారంభించినాడు. ఆ ఎంపికలో సుమిత్ నెగ్గి బెంగుళూరుకు చేరినాడు. తరువాత శిక్షణ నిమిత్తం కెనడాకు, అటుతరువాత జర్మనీకి వెళ్ళినాడు. తోటివారు బడిలో పరీక్షలు వ్రాస్తున్న వయస్సులో అతడు పరాయి దేశాలలో, పరాయి భాషల నడుమ పెరిగినాడు. ఉపాధ్యాయుని సంపాదన మీద నడిచే కుటుంబానికి ఈ ఖర్చు తలకు మించినది. భూపతి వంటి వారి ఆసరా లేకపోతే ఈ కథ అక్కడనే ఆగిపోయి ఉండేది.

2015లో మొదటి ఫలం చేతికందింది. ఆ ఏడు వింబుల్డన్ బాలుర డబుల్సులో వియత్నాము బాలుడు లీ హోయాంగ్ నామ్‌తో జతకట్టి విజేత అయినాడు. బాలుర విజయం నుండి పెద్దల విజయానికి దారి మిక్కిలి దూరం. ఆ దారిలో కనిపించకుండా పోయినవారు వేలకొలది. సుమిత్‌కు శరీర సంపద కూడ అంతంతమాత్రమే. ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు. ఆరున్నర అడుగుల ఆజానుబాహులు పిడుగుల వంటి సర్వీసులు కురిపించే ఈ కాలంలో అది లోపమే. దానిని అతడు కాళ్ళ చురుకుతోను, బలమైన ఫోర్‌హాండుతోను, ఎన్ని బంతులైనా తిప్పికొట్టే ఓర్పుతోను పూడ్చుకొన్నాడు. అందుచేతనే బంతి నెమ్మదిగా లేచే మట్టి కోర్టులు అతనికి అచ్చివచ్చినవి.

2017లో బెంగుళూరులో తన తొలి చాలెంజరు విజయం సాధించినాడు. 2019లో అమెరికన్ ఓపెన్ అర్హత పోటీలు మూడూ గెలిచి ప్రధాన పోటీలో అడుగుపెట్టినాడు. గ్రాండ్ స్లాములో అదే అతని తొలి ఆట. చీటీలో ఎదురైన ప్రత్యర్థి రోజర్ ఫెడరర్! న్యూయార్కులోని ఆర్థర్ యాష్ మైదానంలో, రాత్రి దీపాల వెలుగులో ఆట మొదలైంది. 190వ స్థానంలో ఉన్న 22 ఏండ్ల యువకుడు తొలి సెట్టును 6-4తో గెలుచుకొన్నాడు. తరువాతి మూడు సెట్లు 6-1, 6-2, 6-4తో ఫెడరరే గెలిచినాడు. ఓటమియే అయినా, ఆ ఒక్క సెట్టుతో దేశమంతటా అతని పేరు మారుమ్రోగింది. మరునాటి పత్రికలలో విజేత పేరుకంటె పరాజితుని పేరే మన వారికి ప్రియమైనది.

అయితే ఆ రాత్రి కీర్తి మరునాటి హోటలు బిల్లు చెల్లించదు కదా! అతడు మళ్ళీ చాలెంజరు పోటీల బాట పట్టినాడు. అదే సంవత్సరం బ్యూనస్ ఏరీస్‌లో ఒక చాలెంజరు గెలిచినాడు. 2020 అమెరికన్ ఓపెన్‌లో బ్రాడ్లీ క్లాన్ అనే అమెరికనును ఓడించి రెండవ రౌండు చేరినాడు. 2013 తరువాత గ్రాండ్ స్లాము సింగిల్సు ప్రధాన పోటీలో భారతీయ పురుషుడు గెలిచిన తొలి ఆట అది. రెండవ రౌండులో అతనిని ఓడించిన డొమినిక్ థీమ్ ఆ ఏటి విజేతగా నిలిచినాడు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో ఉజ్బెకిస్తాన్ క్రీడాకారుడు డెనిస్ ఇస్తోమిన్ మీద గెలిచినాడు. 1996లో అట్లాంటాలో పేస్ కాంస్యం గెలిచిన తరువాత ఒలింపిక్ సింగిల్సులో భారతీయ పురుషునికి విజయం లభించడం అదే మొదలు.

అంతలో శరీరం ఎదురు తిరిగింది. తుంటి నొప్పి ముదిరి 2021 నవంబరులో శస్త్రచికిత్స అవసరమైంది. నెలల తరబడి రాకెట్టు పట్టలేకపోయినాడు. ఉద్యోగి జబ్బుపడితే సెలవు పెట్టుకొంటాడు. కోలుకొని వచ్చేసరికి కుర్చీ అతనికోసం వేచి ఉంటుంది. ఇక్కడ పాయింట్లు వారం వారం కరిగిపోయినవి. 2022లో అతడు పట్టికలో 500 దాటి క్రిందికి జారినాడు. చిన్ననాడు ఎక్కిన మెట్లన్నీ తిరిగి మొదటి నుండి ఎక్కవలసి వచ్చింది.

2023 ఆరంభంలో జర్మనీలో తాను సాధన చేసే అకాడమీకి చెల్లించడానికి సొమ్ము చాలని దశ వచ్చింది. సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వంటి మిత్రుల సాయంతో కొన్నాళ్ళు గడిపినాడు. ఆ స్థితిలోనే రోములోను, ఫిన్‌లాండులోని టాంపెరెలోను రెండు చాలెంజరు పోటీలు గెలిచినాడు. రెండూ మట్టి కోర్టుల మీదనే. ఐరోపా మట్టి మీద చాలెంజరు సింగిల్సు గెలిచిన భారతీయుడు అంతకుముందు లేడు.

2023 సెప్టెంబరులో అతడు పత్రికల వారికి చెప్పిన లెక్క ఆలోచింపదగినది. అప్పటికి అతడు సింగిల్సులో దేశానికి మొదటివాడు. తన బ్యాంకు ఖాతాలో ఉన్నది 900 యూరోలు, అనగా ఇంచుమించు 80 వేల రూపాయలు అని అతడు బయటపెట్టినాడు. ఆ ఏడు ఆటల మీద సుమారు 65 లక్షల రూపాయలు సంపాదించినాడు. ఒక కోచిని మాత్రమే వెంటపెట్టుకొని తిరిగితే ఏడాది ఖర్చు 80 లక్షల నుండి కోటి దాకా అవుతుందని అతని లెక్క. ఫిజియోథెరపిస్టును పెట్టుకొనే ప్రసక్తే లేదు. ఇండియన్ ఆయిల్ సంస్థ ఇచ్చే నెలజీతం, మహారాష్ట్రలోని ఒక టెన్నిసు ఫౌండేషను ఇచ్చే సహాయం కలిసినా లోటు తీరలేదు. సంపాదించినదంతా తిరిగి ఆటలోనే పెట్టుబడిగా పోతున్నది. పంట డబ్బు మళ్ళీ విత్తనాలకే పోయి ఇంటికి గింజలు మిగలని రైతు పరిస్థితి అది. ఈ మాట పత్రికలలో వచ్చిన తరువాత కొందరు దాతలు, కొన్ని సంస్థలు ముందుకు వచ్చినవి. అడిగిన తరువాత గాని చేయి చాపని అలవాటు మనది.

2024 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ జరిగింది. సుమిత్ స్థానం 130 దాటి ఉన్నది కాబట్టి మరల అర్హత పోటీలే శరణ్యం. మూడు ఆటలు గెలిచి లోపలికి వచ్చినాడు. తొలి రౌండులో 31వ సీడింగు గల కజకిస్తాన్ క్రీడాకారుడు అలెగ్జాండర్ బుబ్లిక్‌ను 6-4, 6-2, 7-6తో, ఒక్క సెట్టయినా ఇవ్వకుండా ఓడించినాడు. గ్రాండ్ స్లాము సింగిల్సులో సీడింగు ఉన్నవానిని భారతీయ పురుషుడు ఓడించి అప్పటికి 35 ఏండ్లు. 1989లో అదే ఆస్ట్రేలియన్ పోటీలో రమేశ్ కృష్ణన్ మాట్స్ విలాండర్‌ను ఓడించినాడు. రెండవ రౌండులో చైనా యువకుడు షాంగ్ జున్‌చెంగ్ చేతిలో సుమిత్ ఓడినా, 1,80,000 ఆస్ట్రేలియన్ డాలర్ల బహుమానం లభించింది. మన లెక్కలో అది కోటి రూపాయలకు చేరువ. నాలుగు నెలల క్రితం 900 యూరోలు నిలవ చూపించిన ఖాతాకు ఒక సంవత్సరపు ఊపిరి దొరికింది. అదే పోటీలో 43 ఏండ్ల రోహన్ బోపన్న పురుషుల డబుల్సు గెలిచినాడన్నది కూడ జ్ఞాపకం ఉంచుకోదగినది.

మరుసటి నెల మద్రాసు నగరంలో, నేటి చెన్నైలో, చాలెంజరు గెలిచి సుమిత్ మొదటి వందమందిలో చేరినాడు. 2019లో ప్రజ్ఞేశ్ గుణేశ్వరన్ తరువాత ఆ ద్వారం దాటిన భారతీయుడు అతడే. ఏప్రిల్‌లో మాంటీ కార్లో పోటీలో ఇటలీ ఆటగాడు మాటియో ఆర్నాల్డిని ఓడించి, ఆ ప్రసిద్ధమైన మట్టి కోర్టుల ప్రధాన పోటీలో సింగిల్సు ఆట గెలిచిన తొలి భారతీయుడైనాడు. జూన్‌లో జర్మనీలోని హైల్‌బ్రాన్ చాలెంజరు అతనిది. జూలైలో 68వ స్థానం. ఫ్రెంచి, వింబుల్డన్, అమెరికన్ పోటీలలో ఆ ఏడు నేరుగా ప్రవేశం దొరికింది. మూడింటిలోను తొలి రౌండులోనే ఓడినా, తలుపు వద్ద నిరీక్షించే దుస్థితి తప్పింది.

ఈ ఎదుగుదల వెంటనే ఒక వివాదం కూడ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో ఇస్లామాబాదులో పాకిస్తానుతో జరిగిన డేవిస్ కప్పు పోటీకి, పచ్చిక కోర్టు తన ఆటకు పొసగదని అతడు వెళ్ళలేదు. సెప్టెంబరులో స్వీడనుతో జరిగిన పోటీకి నడుమునొప్పి కారణంగా దూరమైనాడు. దేశం తరఫున ఆడడానికి అతడు ఏడాదికి 50 వేల డాలర్లు కోరినాడని అఖిల భారత టెన్నిసు సంఘం వారు ప్రకటించినారు. క్రీడాకారునికి ప్రతిఫలం ముట్టజెప్పడం అంతటా ఉన్న పద్ధతియేనని అతడు సమాధానం ఇచ్చినాడు. ఇరుపక్షాల అభిమానులు తీవ్రంగా వాదించుకొన్నారు.

ఈ తగవును నిదానంగా పరిశీలించవలె. రామనాథన్ కృష్ణన్ కాలంలో డేవిస్ కప్పు కోసం వృత్తిని వదులుకోవడం త్యాగం. ఆ త్యాగం వందనీయం. కాని ఆనాటి క్రీడాకారునికి ఆట జీవనోపాధి కాదు. ఈనాటివానికి ప్రతివారం ఒక జీతపు దినం. దేశసేవ చేసే సైనికుడు, గుమాస్తా, ఇంజనీరు అందరూ జీతం పుచ్చుకొనే చేస్తున్నారు. దానివల్ల వారి దేశభక్తికి లోటు రాలేదు. మరొక వైపున, ఒక దేశపు జెండాను చొక్కా మీద ధరించి ఎదిగినవాడు ఆ జెండా పిలిచినప్పుడు వెనుకాడితే ప్రజల మనస్సు నొచ్చుకోవడం కూడ సహజమే. ఇచ్చేదేదో, పుచ్చుకొనేదేదో ముందుగా వ్రాతపూర్వకంగా నిర్ణయించుకొని ఉంటే ఇటువంటి రచ్చకు తావుండదు. కచేరీలలో ఫైళ్ళు నడిపేవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

తుదకు జవాబు కోర్టులోనే వచ్చింది. 2025 సెప్టెంబరులో స్విట్జర్లాండులోని బీల్ పట్టణంలో భారత జట్టు ఆ దేశాన్ని 3-1తో ఓడించింది. సుమిత్ తాను ఆడిన రెండు సింగిల్సులూ గెలిచినాడు. ఐరోపా గడ్డ మీద ఒక ఐరోపా జట్టును డేవిస్ కప్పులో మన వారు ఓడించడం 1993లో ఫ్రాన్సు మీద గెలిచిన తరువాత అదే ప్రథమం. ఆ నాటికి వ్యక్తిగతంగా అతనికి గడ్డుకాలమే. ఆ ఏటి ఆరంభంలో ఆస్ట్రేలియన్ తొలి రౌండులో ఓడి, కిందటి ఏటి పాయింట్లు కోల్పోయి, మొదటి వందనుండి వెలుపలికి వచ్చినాడు. ఆ 52 వారాల నియమం ఎవరినీ ఉపేక్షించదు.

ఒక్క సుమిత్ నాగల్ కథతో ఈ సమస్య తీరదు. అతనివలెనే కష్టపడినవారు తెలుగునాట కూడ ఉన్నారు. విశాఖపట్టణపు సాకేత్ మైనేని 2016లో అమెరికన్ ఓపెన్ అర్హత పోటీలు గెలిచి ప్రధాన పోటీలో అయిదు సెట్లు పోరాడి ఓడినాడు. ఆసియా క్రీడలలో 2014లో సానియాతో కలిసి మిశ్రమ డబుల్సు స్వర్ణం తెచ్చినాడు. ఇటువంటివారు ఇంటిదగ్గరనే పాయింట్లు సంపాదించుకొనే అవకాశం ఉండవలె. 1997 నుండి 2017 వరకు చెన్నైలోను, ఆ తరువాత పుణెలోను ప్రధాన టూరు పోటీ ఒకటి జరిగేది. 2023 జనవరితో అదీ ఆగిపోయింది. సుమిత్ బెంగుళూరులో, చెన్నైలో చాలెంజరు గెలిచిన సంగతి గమనిస్తే, ఇంటి దగ్గర జరిగే పోటీ ఎంత మేలు చేస్తుందో బోధపడుతుంది. విమానపు ఖర్చు లేదు, తిండి కొత్త కాదు, చప్పట్లు తనవారివి. దేశంలో ఏడాదికి పది పన్నెండు చాలెంజరులు వరుసగా జరిగితే, భూపతి ప్రణాళిక వంటి అదృష్టం తగలని ఉపాధ్యాయుని కుమారుడు, గుమాస్తా కుమార్తె కూడ పైకి రావచ్చు.

ప్రభుత్వ సంస్థలు క్రీడాకారులకు ఉద్యోగాలిచ్చే మంచి సంప్రదాయం మనకున్నది. రైల్వేలు, చమురు సంస్థలు, బ్యాంకులు ఎందరినో పోషించినవి. ఈ సంప్రదాయం పతకం వచ్చిన తరువాత చేసే సన్మానంతో సరిపెట్టుకోక, గాయపడి మంచాన ఉన్న ఏడాదిలో కూడ తోడు నిలువవలె. 2022లో 500 దాటి జారిన వానికి కావలసింది శాలువా, పూలదండ కావు. వైద్యుని బిల్లు, ఒక కోచి జీతం.

కాబట్టి ఆట అన్నం పెట్టదన్న పెద్దల మాటకు నేటి జవాబు ఇది: పెట్టగలదు, కాని ఎక్కువ మందికి, ఎక్కువ కాలం పెట్టేటట్లు మనం ఇంకా ఏర్పాటు చేయలేదు. ఈ సమాజ సభ్యుల పిల్లలు ఎందరో సాయంకాలాలు కాలనీ కోర్టులలో రాకెట్లు పట్టుకొని కనిపిస్తారు. వారిలో ఏ ఒక్కరికైనా చేయి తిరిగిన లక్షణం కనబడితే, తల్లిదండ్రులు లెక్కలు వేసుకోవడం తప్పు కాదు. ఆ లెక్కలో జైత్‌పూర్ ఉపాధ్యాయుని ధైర్యాన్ని కూడ ఒక అంకెగా చేర్చుకొనవలెనని విన్నపం.